పనిలేక నిలిచిన మోటారు సైకిలు



ఎద్దును రెండు నెలలు కాడి కట్టకుండా కొట్టంలో ఉంచితే, మొదటిరోజు బరువు లాగడానికి మొరాయిస్తుంది గదా! మోటారు సైకిలు సంగతీ అంతే.

నిరుడు వానాకాలంలో నేను రెండు నెలలు శిక్షణకు వెళ్ళాను. బండి వసారాలో ఉండిపోయింది. తిరిగి వచ్చిన మర్నాడే ఒక రైతు, "అయ్యా, వరికి దోమ పట్టింది, ఒకసారి వచ్చి చూడండి" అని ఫోను చేశాడు. బయలుదేరాను. చోక్ లాగి ఉంచితే ఇంజను ఆడుతుంది, వదిలితే ఆగిపోతుంది. నడిచి చేనుకు చేరేసరికి పొద్దుకుంకింది. మందు కొట్టడం మర్నాటికి పడింది. ఆ ఒక్కరోజూ దోమకు లాభం, రైతుకు నష్టం.

మెకానిక్కు చూపిస్తే, "ఇంజను విప్పాలి, వేలల్లో అవుతుంది" అన్నాడు. తీరా చూస్తే జబ్బు ఇంజనులో లేదు, కార్బురేటరులోని ఒక సన్నని రంధ్రంలో ఉన్నది.

కారణం ఏమంటారా? పెట్రోలు నిలవ ఉంటే అందులోని తేలిక భాగం ఆవిరైపోయి జిగట మిగులుతుంది. పైగా ఇప్పటి పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాలు కలుపుతున్నారు. అది తేమను పీల్చుకుంటుంది. నీరు ఎక్కువైతే ఆ రెండూ పెట్రోలు నుంచి విడిపోయి అడుగున చేరతాయి. నిమ్మళంగా ఆడే ఇంజనుకు పెట్రోలు అందించేది పైలట్ జెట్. దాని రంధ్రం సూది మొనంత. కాస్త జిగట పట్టినా పూడుకుపోతుంది. చోక్ లాగితే గాలి తగ్గుతుంది గనుక, వచ్చే కొద్ది పెట్రోలుతోనే ఇంజను ఆడుతుంది.

అంచేత ఖర్చులేని పని ముందు, ఖర్చయ్యే పని తరువాత. బండిని ఆరుబయట పెట్టి, ఇంజను చల్లారనివ్వండి. బీడీ, చుట్ట దగ్గరకు రానీయకండి. కార్బురేటరు అడుగు మరను వదులుచేసి, పెట్రోలును గాజు సీసాలోకి దింపి చూడండి. అడుగున వేరే పొర గాని, మడ్డి గాని కనబడితే టాంకీ ఖాళీచేయించి కొత్త పెట్రోలు పోయండి. తీసిన దాన్ని కాలవలో పారబోయవద్దు. తరువాత ప్లగ్గు విప్పి మసి తుడవండి. గాలి ఫిల్టరులో ఎలుక గూడు, సైలెన్సరులో కందిరీగ మట్టిగూడు ఉన్నాయేమో చూడండి. కొంతదూరం నడిచి ఆగిపోయి, టాంకీ మూత తెరవగానే మళ్ళీ నడిస్తే, మూతకుండే గాలిరంధ్రం పూడినట్లే.

ఇవన్నీ అయినా లొంగకపోతే జెట్‌ను శుభ్రం చేయించండి. గట్టి తీగె మాత్రం దూర్చనీయకండి, రంధ్రం పెద్దదైతే పెట్రోలు తాగేస్తుంది.

2020 ఏప్రిల్ నుంచి అమ్మిన బళ్ళలో చాలావాటికి కార్బురేటరు లేదు, ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్నది. వాటికి బ్యాటరీ నీరసిస్తే పంపే సరిగా పనిచేయదు. ముందు బ్యాటరీ చూపించండి.

రోడ్డెక్కే ముందు టైర్లలో గాలి, బ్రేకులు చూసుకోవడం మరవకండి.

ఇకమీదట ఎన్నాళ్ళయినా నిలపవలసి వస్తే, పెట్రోలు కాక్ కట్టి, ఇంజను దానంతటది ఆగేదాకా ఆడించండి. కార్బురేటరు ఎండిపోతుంది. లేదా పదిహేను రోజులకొకసారి, ఇంజను బాగా వేడెక్కేదాకా నాలుగైదు మైళ్ళు తిప్పండి. పనిలేనినాడు చేసిన ఈ చిన్న పని, అవసరం పడ్డనాడు మిమ్మల్ని సకాలంలో చేనుకు చేరుస్తుంది.