ఏ మందుకు ఏ క్రిమి లొంగుతుంది?

మూత్రానికి వెళితే మంట, మాటిమాటికీ వెళ్లాలనిపించడం, జ్వరం. ఈ జబ్బుకు ఎక్కువగా కారణం ఈ-కోలై అనే బాక్టీరియా. మన పేగుల్లో ఇది మామూలుగానే ఉంటుంది. మూత్రమార్గంలో చేరితేనే చిక్కు.

దీన్ని చంపే యాంటీబయోటిక్ మందులు చాలా ఉన్నాయి. ఏది పనిచేస్తుందో తెలిసేదెలా? కరీంనగర్‌లో గాని, ఆదిలాబాద్ రిమ్స్‌లో గాని, పద్ధతి ఒక్కటే. మందు మొదలుపెట్టకముందే శుభ్రమైన సీసాలో మూత్రం పట్టి, చుక్కను అగార్ పళ్లెంలో పూసి, 37 డిగ్రీల సెల్సియస్ వద్ద రాత్రంతా ఉంచాలి. పెరిగిన బాక్టీరియాను మరో పళ్లెంలో పరచి, వేర్వేరు మందులు అద్దిన కాగితపు బిళ్లలు పెడతారు. మర్నాటికి, పనిచేసే మందు చుట్టూ బాక్టీరియా పెరగని వలయం కనిపిస్తుంది.

దీనికి రెండు మూడు రోజులు పడుతుంది. అంతదాకా రోగి ఆగలేడు గదా! అందుకే పాత ఫలితాల పట్టిక చూసి, ఆ ప్రాంతంలో బాగా పనిచేస్తున్న మందుతో వైద్యుడు మొదలుపెట్టాలి. ఫలితం వచ్చాక అవసరమైతే మార్చాలి.

అందరికీ బలమైన మందే ఇస్తే పోదా? పోదు. మందుకు చావని బాక్టీరియా కొన్ని ఉంటాయి. తక్కినవి చస్తే చోటంతా వాటిదే. అనువైన చోట ఈ-కోలై 20 నిమిషాలకు రెండవుతుంది. లెక్క కట్టండి: 7 గంటల్లో ఒక్కటి 20 లక్షలు దాటుతుంది! రేపు ఆ మందు పక్క మంచం రోగికీ పనిచేయదు.

యాంటీబయోటిక్ అట్టపై ఎర్రగీత ఉంటుంది. వైద్యుని చీటీ లేనిదే వాడవద్దని దాని అర్థం. 2016లో ప్రభుత్వం దీన్ని ప్రచారం చేసింది. ఇంట్లో మాత్రల అట్ట ఒకసారి తిప్పి చూడండి.