పెరట్లో నిప్పుగుంత: మా ఇంటి నియమాలు

మాది అనంతపురం జిల్లా. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానే మాకు దిక్కు. మార్చి వచ్చిందంటే ఎండుగడ్డికి నిప్పురవ్వ చాలు.

కందికట్టెను పెరటి గుంతలో కాల్చి, ఆ బొగ్గును జీవామృతంలో నానబెట్టి చేనుకు వేస్తుంటాను. పోయినేడు గుంత ఆరిందనుకుని అన్నానికి పోయాను. గాలి లేచింది. ఒక రవ్వ పోయి పక్కింటి పెద్దాయన వామి అంచున పడింది. ఆయనే తడి గోనెసంచితో కొట్టి ఆర్పాడు. ఆయన రెండు ఆవులకు ఎండాకాలమంతా అదే మేత. తిట్టలేదు. "పైన ఆరితే లోపల ఆరినట్టు కాదు నాయనా" అన్నాడంతే.

తర్వాత ఇద్దరం కూర్చుని పెట్టుకున్న నియమాలివి:

• వామికి, పాకకు 50 అడుగుల దూరం. గాలి అటు వీస్తుంటే ఆ రోజు అంటించం.
• తెల్లారేసరికి మొదలుపెట్టి, ఎండెక్కేలోపు ముగించాలి.
• గుంత చుట్టూ 10 అడుగులు గడ్డి చెక్కాలి. పక్కనే రెండు డ్రమ్ముల నీళ్లు.
• నీళ్లు పోశాక కర్రతో అడుగుదాకా కలబెట్టాలి. ఆవిరి ఆగేదాకా కదలకూడదు.
• ప్లాస్టిక్, చెత్త వేయం. బహిరంగంగా చెత్త కాలిస్తే 5,000 రూపాయలు కట్టాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016లోనే చెప్పింది.
• మంట చెయ్యి దాటితే వెంటనే 101.

గుంత తవ్వడం, ఆర్పడం పై వీడియోలో చూపించాను. అందులో గాలి చూసి "ఊ, అంటించు" అంటున్నది ఆ పెద్దాయనే. ఆయన చెప్పందే ఇప్పుడు అగ్గిపుల్ల గీయను.