రిటైర్‌మెంట్‌కు ముందే బీమా లెక్క

యానాం నుంచి వచ్చి పుదుచ్చేరిలో స్థిరపడ్డ ప్రైవేటు ఉద్యోగిని. వయసు 54, బీపీ ఉంది. 58కి ఉద్యోగం అయిపోతే కంపెనీ గ్రూపు బీమా కూడా పోతుంది. ప్రభుత్వ ఆరోగ్య బీమా ఇచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డు 70 నిండితే గాని రాదు. గోరిమేడులో జిప్‌మర్ ఉంది, నిజమే. కానీ భారమంతా ఒక్క ఆసుపత్రి మీదే వేసి కూర్చోలేం.

అందుకే సొంత పాలసీ తప్పదు. ధరలు పోల్చాలంటే ముందు ఆరోగ్య సంజీవని చూడండి. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2020లో తెచ్చిన ఈ పాలసీలో నిబంధనలు ఏ కంపెనీలోనైనా ఒకటే, ప్రీమియమే వేరు. ఎవరు ఎక్కువ అడుగుతున్నారో ఇట్టే తెలుస్తుంది. క్లెయిములో 5 శాతం మనమే భరించాలి. గది అద్దె రోజుకు బీమా మొత్తంలో 2 శాతం, గరిష్ఠంగా 5,000 రూపాయలు. 2 లక్షల పాలసీకి 4,000 గదే. అంతకు మించిన గదిలో చేరితే డాక్టరు ఫీజు వంటి ఖర్చుల్లోనూ అదే నిష్పత్తిలో కోత. చౌక ప్రీమియం అసలు ఖరీదు బయటపడేది అక్కడే.

2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమాపై 18 శాతం జీఎస్టీ తీసేశారు. పాత జబ్బులకు క్లెయిము రాని నిరీక్షణ గడువు ఇప్పుడు గరిష్ఠంగా 3 ఏళ్లు. కాబట్టి 58కి దిగిపోయేవాళ్లు 55లోపే పాలసీ తీసుకోండి. బీపీ, షుగరు ఉంటే దాచకుండా రాయండి.