పరదేశమందలి బాట నియమములు

మన కడప మండలమునుండి జీవనార్థమై కువైటునకు పోయినవారు అనేకులు. వారిలో పెక్కురు అచ్చటి గృహస్థుల మోటారు బండ్లను నడపు డ్రైవరులుగా పని చేయుచున్నారు. ఎఱ్ఱగుంట్ల బాటపై సిమెంటు లారీల నడుమ బండి నడపి ఆరితేరినవానికి అచ్చటి విశాలమైన బాటలు ఒక లెక్కయా యని కొందఱు తలంతురు. కాని ఆరితేరిన చేతికే అచ్చట అపాయము కలదు. ఏలయన, చేతికి పట్టిన అలవాటు ఒక దేశపుది. పాటింపవలసిన శాసనము మఱియొక దేశపుది. కావున అట్లు పోవువారును, వారిని పంపు తలిదండ్రులును తెలిసికొనవలసిన కొన్ని సంగతుల నిచ్చట వివరించెదను.

మొదటిది, పోవలసిన ప్రక్క. మన దేశమున బండ్లు బాటకు ఎడమప్రక్కను పోవును. ఇంగ్లండు, జపాను, ఆస్ట్రేలియా, మలేషియా దేశములందును ఇదియే పద్ధతి. కువైటు, సౌదీ అరేబియా మొదలగు గల్ఫు దేశములందును, అమెరికాయందును కుడిప్రక్కను పోవలయును. ఇందు ఏ ప్రక్కయు స్వభావసిద్ధమైనది కాదు. స్వీడను దేశము 1967 సెప్టెంబరు 3వ తేదీన ఎడమనుండి కుడికి మారెను. సమోవా దేశము 2009లో కుడినుండి ఎడమకు మారెను. అందఱును ఒక్క కట్టుబాటునకు లోబడుటయే ముఖ్యము.

ప్రక్క మారినచో తక్కినవన్నియు మారును. స్టీరింగు బండికి ఎడమవైపున నుండును. గేరును కుడిచేత మార్చవలయును. మనకు ఎడమమలుపు సులభము, కుడిమలుపు కష్టము. అచ్చట కుడిమలుపు సులభము, ఎడమకు మరలునపుడు ఎదురు బండ్ల వరుసను దాటవలయును. నాలుగు బాటలు కలియు వలయమును మనము గడియారపు ముల్లు తిరుగు దిశను చుట్టుదుము. అచ్చట దానికి వ్యతిరేకముగా చుట్టవలయును. కాలినడకను బాట దాటువాడు మన యూర మొదట కుడివైపు చూడవలయును. అచ్చట మొదట ఎడమవైపు చూడవలయును. బండ్లు కిక్కిరిసియున్నపుడు ముందరి బండియే దారి చూపును. తెల్లవాఱుజామున నిర్జనమైన బాటపైకి పెట్రోలు బంకునుండియో సందునుండియో వచ్చునపుడే పాత యలవాటు మనుష్యుని తప్పుప్రక్కకు లాగును. అట్టి తావుల ఒక క్షణము నిలిచి, తన ప్రక్క యేదియో తలచుకొని కదలుట మేలు.

రెండవది, అనుమతి పత్రము. మన దేశపు లైసెన్సుతో కువైటునందు ఉద్యోగము చేయుచు బండి నడపుటకు వీలు లేదు. అచ్చటి లైసెన్సును సంపాదింపవలయును. అది లేక నడపిన విదేశీయులను నిర్బంధించి స్వదేశమునకు పంపివేసిన సందర్భములు కలవు. యజమాని తొందరపెట్టినను లైసెన్సు చేతికి రాక పూర్వము స్టీరింగు పట్టరాదు.

మూడవది, గుఱుతులు. అరబ్బీ చదువ నేరనివాడు భయపడ నక్కఱలేదు. ఎఱ్ఱ అంచుగల వలయము నిషేధమును, ఎఱ్ఱ అంచుగల త్రికోణము హెచ్చరికను, నీలి వలయము విధిగా చేయవలసినదానిని తెలుపును. అష్టకోణపు ఎఱ్ఱపలక కనబడినచో పూర్తిగా ఆగవలయును. ఈ యాకారములు మన దేశమునందు వాడుచున్నవే గనుక ఇచ్చట నేర్చినవాడు అచ్చటను చదువగలడు.

నాలుగవది, వేగము. కువైటు పెద్దబాటలపై గంటకు 120 కిలోమీటర్ల వఱకు అనుమతి కలదు. గంటకు 60 కిలోమీటర్ల వేగమున బండి ఒక్క సెకండులో సుమారు 17 మీటర్లు పోవును. 120 వద్ద 33 మీటర్లు పోవును. వేగము రెట్టింపైనచో బ్రేకు నొక్కిన పిదప ఆగుటకు పట్టు దూరము రెట్టింపు కాదు, నాలుగు రెట్లగును. కావున ముందరి బండికి మిక్కిలి యెడమిచ్చి నడపవలయును.

ఐదవది, దండన. కువైటులో 1976వ సంవత్సరపు శాసనమును సవరించి, 2025 ఏప్రిల్ 22వ తేదీనుండి క్రొత్త నిబంధనల నమలు జరపిరి. వీని ప్రకారము ఎఱ్ఱదీపమును దాటిన 150 దీనారములును, నడపుచు ఫోను పట్టిన 75 దీనారములును, బెల్టు కట్టుకొననిచో 30 దీనారములును చెల్లింపవలయును. పెక్కుమంది యింటి డ్రైవరులకు 150 దీనారములనగా ఒక నెల జీతమే. అప్పుచేసి పోయినవాని యింట ఆ నెల పొయ్యి యెట్లు వెలుగును? ఇంటినుండి ఫోను చేయువారును ఈ సంగతి నెఱిగి, అతడు బండిలో నుండు వేళల మాటలాడింపకుండుట మంచిది.

ప్రమాదమే సంభవించినచో పాఱిపోరాదు. నిలిచి, 112 అను సంఖ్యకు తెలుపవలయును. మన దేశమునకును కువైటునకును ఆ సంఖ్య యొక్కటియే. యెరికో బాటపై గాయపడి పడియున్నవానిని చూచి ప్రక్కగా పోయినవారి కథను మన బాలురు బైబిలు తరగతిలో చదివియేయున్నారు.

విద్యార్థులారా, మీలో కొందఱు రేపు ఆ దేశములకు పోవుదురు. పరదేశపు నియమమును గౌరవించు గుణము విమానమెక్కినంతనే రాదు. నేడు సైకిలుపై బడికి వచ్చునపుడు ఎడమప్రక్కను వచ్చుట, మలుపునకు ముందు చేయి చాపుట, పెద్దబాట నెక్కుటకు మునుపు ఆగి చూచుట అలవఱచుకొనుడు. ఇచ్చట నియమమును పాటింప నేర్చినవానికి అచ్చట ప్రక్క మాత్రమే మార్చుకొనవలసియుండును.