నడుము పట్టేసిన మర్నాడు

వ్యాయామం మొదలుపెట్టిన మొదటి వారంలోనే నడుము నొప్పి పుడితే మానేయాలా, పళ్ల బిగువున భరించాలా? రెండూ వద్దు. మూడో దారి ఉంది.

2025 మే 21న మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ యోగా ప్రచారం ‘యోగాంధ్ర’ నెల రోజులు సాగి, జూన్ 21న విశాఖ ఆర్కే బీచ్ నుంచి భోగాపురం వైపు సాగరతీరం పొడవునా మూడు లక్షల మందికి పైగా చాపలు పరచడంతో ముగిసింది. అసలు వ్యాయామమన్నదే ఎరగని ఇళ్లలో కూడా ఆ నెలలో చాపలు దిగాయి. దానివల్ల మేలు జరగదని నేననను. నా అనుమానం ఒక్కచోటే. గుంటూరు పక్కనున్న నల్లపాడు లాంటి ఊళ్లో ఒక మైదానంలో వంద మంది నిలబడితే, అందులో ఏళ్ల తరబడి గల్లాపెట్టె ముందు కూర్చున్న నడుము ఉంటుంది, మిరప కోతలో పొద్దంతా వంగిన నడుము ఉంటుంది, పాలిటెక్నిక్ చదివే కుర్రాడి నడుమూ ఉంటుంది. మైకులో ఒకటీ రెండూ అనగానే అన్నీ ఒకేలా వంగాలంటే ఎలా? అలా వంగిన మర్నాడు మంచం దిగలేక, ‘మన ఒంటికి ఇవి పడవులే’ అని చాప చుట్టేసేవాళ్లే ఈ కథనానికి అసలు పాఠకులు. కొత్తగా వచ్చే ఆ నొప్పి చాలాసార్లు వెన్ను చెడిపోయిందని చెప్పడం లేదు, మోతాదు ఎక్కువైందని చెబుతోంది. మోతాదు తగ్గించి కొనసాగిస్తే నడుము దారికొస్తుంది, మంచమెక్కితే ఆలస్యమవుతుంది.

సంపాదకులు ముఖచిత్ర కథనం అడిగాక తిరగేసిన కాగితాల్లో అన్నిటికంటే ఎక్కువ మాట్లాడింది కేంద్ర ఆయుష్ శాఖ వారి ‘కామన్ యోగా ప్రొటోకాల్’. యోగా దినోత్సవం రోజు చేయించే 45 నిమిషాల కార్యక్రమానికి మూలం అదే. ప్రార్థన అయ్యాక మెడ, భుజాలు, నడుము, మోకాళ్లు వదులు చేసే కదలికలు, ఆ తర్వాత తాడాసనం, వృక్షాసనం, వాటి వెంటనే పాదహస్తాసనం. అంటే నిటారుగా నిలబడి, ముందుకు వంగి, అరచేతులు పాదాల దగ్గర ఆనించడం. దాని కిందే జాగ్రత్తల పేరా ఒకటుంది. గుండె జబ్బు, వెన్ను సమస్యలు, హెర్నియా, కడుపులో పుళ్లు, కళ్లు తిరగడం ఉన్నవాళ్లు, గర్భిణులు ఈ ఆసనం వేయకూడదని, వెన్నుపూసల్లో, డిస్కుల్లో తేడా ఉన్నవాళ్లు కూడా దూరంగా ఉండాలని రాశారు. ముందు పేజీల్లో ఇంకో మాట ఉంది: ఎవరి పరిమితులు వారివి, ఎవరి శక్తి మేరకు వారు చేయాలి. సర్కారు పుస్తకంలో ఇంత వివేకమా అని ముచ్చటేసింది. వేల మంది ఉన్న మైదానంలో ఆ పేరా ఎవరి చెవిన పడుతుంది? పక్కవాడి వేళ్లు నేలకు తగులుతుంటే మన వేళ్లు మోకాళ్ల దగ్గర ఆగడం నామోషీగా ఉంటుంది. నడుము పట్టేసేది ఆ నామోషీ దగ్గరే.

ఎందుకు పట్టేస్తుందో చూద్దాం. ముందుకు వంగేటప్పుడు తుంటి, నడుము రెండూ కలిసి మడత పడాలి. కుర్చీలకు అలవాటైనవాళ్లకు చాలామందిలో తొడ వెనక కండరాలు బిగుసుకుని ఉంటాయి. మోకాళ్లు బిర్రుగా పెట్టి వంగితే ఆ కండరాలు కటి ఎముకను వెనక్కి పట్టి ఉంచుతాయి, తుంటి మడవాల్సినంత మడవదు, మిగిలిన వంపంతా కింది వెన్నుపూసల మీద పడుతుంది. దానికి తోడు వేళ. రాత్రంతా పడుకున్నప్పుడు డిస్కులు నీరు పీల్చి ఉబ్బుతాయి, అందుకే తెల్లవారుజామున మనం సాయంత్రం కంటే సెంటీమీటరు దాకా, ఒక్కోసారి అంతకు మించి పొడుగుంటాం. ఉబ్బిన డిస్కు వంగడానికి మొరాయిస్తుంది. పొద్దున లేచిన తొలి రెండు గంటలు నడుము వంచకుండా జాగ్రత్తపడినవాళ్లలో దీర్ఘకాలిక నొప్పి తగ్గిందని స్టోవర్ స్నూక్ బృందం 1998లో ప్రకటించింది. మన మైదానాల్లో వంగడం మొదలయ్యేది సరిగ్గా ఆ వేళకే. కాబట్టి ముందు పది నిమిషాలు నడవండి, మోకాళ్లు కాస్త వదులుగా మడవండి, చేతులు మోకాలి చిప్ప కింద ఆగితే ఆగనివ్వండి. వెన్ను జబ్బు ముందే ఉన్నవాళ్లు ఆ ఒక్క ఆసనం దగ్గర నిలబడి ఊపిరి పీల్చుకుంటే సరిపోతుంది. పుస్తకమే ఆ అనుమతి ఇచ్చింది.

అంటే యోగా నొప్పి పుట్టిస్తుందా? కొందరికి పుట్టిస్తుంది, ఆ మాట దాచడం అనవసరం. బ్రిటన్‌లో యార్క్ విశ్వవిద్యాలయం వాళ్లు దీర్ఘకాలిక నడుము నొప్పి ఉన్న 313 మందిని రెండు భాగాలు చేశారు. 156 మందికి మూడు నెలలు యోగా తరగతులు పెట్టారు, 157 మందిని మామూలు వైద్యంతో వదిలేశారు. 2011లో ఫలితాలు వచ్చాయి. యోగా వైపు 12 మంది ఇబ్బంది పడ్డామన్నారు, చాలావరకు నొప్పి పెరగడమే ఆ ఇబ్బంది. రెండో వైపు ఇద్దరే. అక్కడే ఆగితే యోగా ఓడినట్టు. కానీ మూడు నెలలకు, ఆరు నెలలకు, ఏడాదికి కూడా లేవడం, వంగడం, పనులు చేసుకోవడంలో యోగా చేసినవాళ్లే మెరుగ్గా ఉన్నారు. నొప్పి కొలతల్లో మాత్రం రెండు వైపులకూ పెద్ద తేడా కనబడలేదు. నొప్పి పూర్తిగా పోయాకే కదులుదామనుకునేవాడు ఈ ఫలితాన్ని రెండోసారి చదవాలి. అదే ఏడాది అమెరికాలో 228 మందిపై జరిగిన పరిశోధనలో యోగా, మామూలు స్ట్రెచింగ్ సరిసమానంగా నిలిచాయి. మహిమ ఆసనం పేరులో లేదన్నమాట.

చరిత్ర గబగబా చెప్పేస్తాను. ఒకప్పుడు నడుము పడితే పడుకోవడమే మందు. 1986లో అమెరికాలో రిచర్డ్ డేయో బృందం వారం పడకకు, రెండు రోజుల పడకకు ఫలితంలో తేడా లేదని తేల్చింది. 1995లో హెల్సింకీ నగర ఉద్యోగుల మీద జరిగిన అధ్యయనంలో పడుకున్నవాళ్ల కంటే, అప్పటికప్పుడు ప్రత్యేక వ్యాయామాలు చేసినవాళ్ల కంటే, ఓర్చుకోగలిగినంతలో రోజువారీ పనులు చేసుకున్నవాళ్లు ముందు కోలుకున్నారు. పట్టేసిన రోజునే పంతానికి పోయి కసరత్తు చేయొద్దని కూడా దీని అర్థం. 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీర్ఘకాలిక నడుము నొప్పికి వ్యాయామాన్ని సిఫారసు చేసింది.

‘స్కాన్ తీయిస్తే డిస్కు జారిందన్నారు, ఇంకా కదలమంటారేం?’ అనే ప్రశ్న న్యాయమైనదే. 1994లో నడుము నొప్పి లేని 98 మందికి ఎమ్మారై తీస్తే 52 శాతం మందికి కనీసం ఒక చోటైనా డిస్కు ఉబ్బి కనబడింది. తర్వాత 3,110 మంది స్కాన్లు కలిపి చూసిన 2015 సమీక్షలో, ఏ బాధా లేని ఇరవయ్యేళ్లవాళ్లలో 37 శాతానికి, ఎనభై ఏళ్లవాళ్లలో 96 శాతానికి డిస్కుల అరుగుదల ఉంది. తల నెరిసినట్టే వెన్నూ మారుతుంది. ఆ మార్పే నొప్పికి కారణమని ఫిల్ము చూసి చెప్పేయడం కష్టం. నొప్పి తగ్గినప్పుడూ ఇలాగే కారణం పొరబడతాం. మన పల్లెల్లో ఎదురుకాళ్లతో పుట్టినవాళ్ల చేత నడుము మీద తన్నించుకునే వైద్యం ఒకటుంది. దాని కీర్తికి అసలు కారణం, పట్టేసిన నడుము చాలామందికి రోజుల్లోనో కొద్ది వారాల్లోనో దానంతటదే సర్దుకోవడం. ఖరీదైన చికిత్సలు కొన్ని కూడా ఆ తన్ను ఖాతాలోనే బతుకుతున్నాయని నా అనుమానం.

అన్నిటికంటే గట్టి అభ్యంతరం ఈ మిర్చి నేల నుంచే వస్తుంది. కదిలితే బాగుపడేదైతే, పత్తి తీసే ఆడవాళ్లకు, గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు (బస్తాలు) మోసే హమాలీలకు నడుము నొప్పి ఎందుకుంది? మిరప కోతలో కూలీ ఎప్పుడు నిలబడాలో ఆమె నడుము నిర్ణయించదు, సాలు నిర్ణయిస్తుంది. హమాలీకి ఈ రోజు ఎన్ని బస్తాలన్నది లారీ చెబుతుంది. ఒక్క వయోజన పురుష కార్మికుడు మోసే బరువు 55 కిలోలు దాటకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫారసు చేసింది. కానీ బస్తా బరువు తగ్గినా బస్తాల సంఖ్యకు హద్దు లేకపోతే నడుముకు దక్కేది తక్కువే. ఇక రెండో వైపు చూడండి. పాత గుంటూరు జిల్లా స్టువర్టుపురం కుర్రాడు రాగాల వెంకట రాహుల్ 2018 కామన్వెల్త్ క్రీడల్లో 85 కిలోల విభాగంలో రెండు లిఫ్టులు కలిపి 338 కిలోలెత్తి స్వర్ణం తెచ్చాడు. బరువే శత్రువైతే అతని నడుము ఎప్పుడో విరగాలి. అతనికి బరువు మెట్లు మెట్లుగా పెరిగింది, మధ్యలో విశ్రాంతి ఉంది. కూలీకి ఆ రెండూ లేవు. అందుకే ఆమెకు ఇంకో గంట ఆసనాలు చెప్పడం కంటే, కోత మధ్యలో నిటారుగా నిలబడే వ్యవధి ఇవ్వడం మంచి వైద్యం. దాన్ని ఇవ్వాల్సింది రైతూ మేస్త్రీ.

మిగతావాళ్లకు మోతాదు తెలిసేదెలా? చేసేటప్పుడు కాస్త నొప్పి ఉన్నా మర్నాటికి మామూలైతే ఆ మోతాదు సరిపోయినట్టు. మర్నాడు పెరిగితే సగానికి దించాలి, సున్నాకు కాదు. బొత్తిగా కొత్తవాళ్లకు నడక చాలు. సిడ్నీలోని మెక్వారీ విశ్వవిద్యాలయం, నడుము నొప్పి నుంచి ఈ మధ్యే కోలుకున్న 701 మందితో చేసిన ప్రయోగం 2024లో లాన్సెట్‌లో వచ్చింది. ఫిజియోథెరపిస్టు సలహాతో మెల్లగా పెంచుకుంటూ నడిచినవాళ్లలో సగం మందికి నొప్పి మళ్లీ తిరగబెట్టేసరికి 208 రోజులు పట్టింది. మిగతావాళ్లలో 112. ఆర్నెల్లలో వారానికి ఐదు రోజులు, రోజుకు అరగంట నడకకు చేరడం అక్కడ లక్ష్యం. మొదటి వారమే అరగంట నడవమని ఎవరూ అనలేదు.

బెల్టు సంగతి

మందుల షాపులో దొరికే నడుము బెల్టును, ట్రాక్షన్‌ను దీర్ఘకాలిక నొప్పికి రోజువారీ చికిత్సగా ప్రపంచ ఆరోగ్య సంస్థ వద్దంది. మర్దన, అవగాహన కల్పించే సలహాలు మాత్రం పనికొచ్చే జాబితాలో ఉన్నాయి. గుంటూరు ఎండల్లో బెల్టు కింద పట్టే చెమట పొక్కుల గురించి జెనీవాలో ఆలోచించి ఉండరు, లేకపోతే ఇంకో కారణం దొరికేది.

ఇక్కడ మాత్రం ఆగకండి

మోతాదు సూత్రం అందరికీ వర్తించదు. మూత్రం రాకపోవడం లేదా తెలియకుండా పోవడం, మల విసర్జన మీద అదుపు తప్పడం, కూర్చునే చోట మొద్దుబారడం, కాలు బలం తగ్గుతూ పోవడం కనబడితే తెల్లారేదాకా చూడొద్దు. పెద్ద ప్రమాదం తర్వాత వచ్చిన నొప్పి, జ్వరంతో వచ్చే నొప్పి, కారణం లేకుండా బరువు తగ్గడం, గతంలో క్యాన్సర్ ఉండటం, చాలాకాలం స్టెరాయిడ్లు వాడి ఉండటం కూడా డాక్టరుకు వెంటనే చెప్పాల్సినవే. మొదటి నాలుగు లక్షణాల్లో ఏది ఉన్నా నల్లపాడు నుంచి గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రి (జీజీహెచ్) అత్యవసర విభాగానికి ఆ రాత్రే బయలుదేరాలి.