కొయ్య పొట్టు కాదు.. కంటికి కనిపించని ధూళితోనే ముప్పు

మంచం కోళ్లు, ఉయ్యాల కడ్డీలు, మెట్ల రెయిలింగ్ గుంజలు.. ఇలా గుండ్రంగా, నునుపుగా ఉండే ప్రతి కొయ్య వెనకా ఒక టర్నర్ చేతి నైపుణ్యం ఉంటుంది. లేతు మీద తిరిగే కర్రకు ఉలి ఆనించి రోజంతా పనిచేసే వీరికి జలుబు, తుమ్ములు, దగ్గు మామూలే అనిపిస్తాయి. కానీ వాటిని ‘దుమ్ము పడదంతే’ అని వదిలేయకూడదు.

భూపాలపల్లిలో సింగరేణి గని కార్మికులకు చట్టం ప్రకారం నిర్ణీత కాలానికోసారి వైద్య పరీక్షలు చేస్తారు. అదే ఊళ్లో, లేదా జనగామ, మహబూబాబాద్‌లలో సొంత షెడ్డులో లేతు తిప్పే టర్నర్‌కు అలాంటి పిలుపు రాదు. తన ఆరోగ్యాన్ని తానే, తన ఇంటివాళ్లే కనిపెట్టుకోవాలి.

ఏ పనిలో ఎక్కువ ప్రమాదం?

ఉలితో చెక్కేటప్పుడు రాలే పొట్టు బరువుగా ఉండి కిందే పడుతుంది. ఉప్పు కాగితంతో నునుపు చేసేటప్పుడు లేచే సన్నని ధూళి మాత్రం చాలాసేపు గాలిలో తేలుతుంది. ముక్కులో, శ్వాసనాళాల్లో చేరేది ఇదే. టేకు, జిట్రేగి వంటి కలప ధూళితో కొందరికి చేతులు, మెడ, కనురెప్పల మీద దురద, దద్దుర్లు కూడా వస్తాయి.

ఆదివారం తగ్గుతోందా?

పని రోజుల్లో సాయంత్రమో, రాత్రో దగ్గు, పిల్లికూతలు, ఛాతీ బిగపట్టినట్టు ఉండటం.. సెలవు రోజున తగ్గి, మళ్లీ పనిలో దిగాక మొదలవటం.. ఇది వృత్తి వల్ల వచ్చే ఆస్తమాకు ముఖ్యమైన సూచన. రెండు మూడు వారాలపాటు ఏ రోజు ఎలా ఉందో రాసి డాక్టర్‌కు చూపించండి. చేసే పనేమిటో తప్పక చెప్పండి. స్పైరోమెట్రీ వంటి ఊపిరి పరీక్షలతో జబ్బు తేలుతుంది. ముందే గుర్తించి ధూళికి దూరమైతే కోలుకునే అవకాశాలు ఎక్కువ.

ముక్కు ఒకవైపే మూసుకుపోతోందా?

ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లో కలప ధూళిని మనుషుల్లో క్యాన్సర్ కారకంగా తేల్చింది. ముక్కు, దాని చుట్టూ ఉండే సైనస్‌లలో వచ్చే ఈ క్యాన్సర్ చాలా అరుదు. కాబట్టి కంగారు అక్కర్లేదు. అయితే ఏళ్ల తరబడి ధూళిలో పనిచేశాక, చాలా ఆలస్యంగా బయటపడుతుంది. ముక్కు ఒకవైపే వారాల తరబడి మూసుకుపోయినా, మాటిమాటికీ రక్తం వచ్చినా, వాసన తెలియకపోయినా ఈఎన్‌టీ డాక్టర్‌ను కలవాలి. మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. ముందుగా అక్కడి ఓపీకి వెళ్లొచ్చు.

షెడ్డులో ఇలా..

* ధూళి లేచేచోటే లాగేసే డస్ట్ కలెక్టర్ మేలు. లేకుంటే గాలి బాగా ఆడేలా చూసుకోవాలి.
* రుమాలు సన్నని ధూళిని ఆపదు. ముఖానికి బిగుతుగా అతుక్కునే ఎన్95 మాస్కు వాడాలి. గడ్డం ఉంటే పక్కల నుంచి గాలి చొరబడుతుంది.
* పొడి చీపురుతో ఊడవొద్దు, కంప్రెసర్ గాలితో ఊదొద్దు. తడిగుడ్డతో తుడవాలి.
* లేతు దగ్గర చేతి గ్లౌజులు, మెడలో కండువా, వదులు చొక్కా చేతులు వద్దు. తిరిగే కర్రకు చుట్టుకుంటే చేతినే లాగేస్తుంది. కళ్లకు మాత్రం అద్దాలు ఉండాలి.
* మూరెడు దూరంలో ఉన్న మనిషితో గట్టిగా అరిచి మాట్లాడాల్సి వస్తే, చెవులకు ఇయర్ ప్లగ్స్ అవసరమైనట్టే.
* పొగతాగే అలవాటుంటే మానేయాలి. ధూళికి పొగ తోడైతే ఊపిరితిత్తులకు రెట్టింపు భారం.

ఇంట్లోవాళ్లకు..

పని బట్టలకు అంటిన ధూళి ఇంట్లోకీ వస్తుంది. వాటిని షెడ్డులోనే మార్చుకుని, విడిగా ఉతకాలి. ఇంట్లో ఆస్తమా ఉన్న పిల్లలుంటే ఇది మరీ ముఖ్యం. ఇంట్లో పెద్దాయనో, తమ్ముడో రాత్రిళ్లు దగ్గుతుంటే మందుల షాపు సిరప్‌తో సరిపెట్టకండి. ‘సెలవు రోజున తగ్గుతోందా?’ అని ఒక్కసారి అడగండి.