పల్లకీలో కూచున్నాయన రాసేరు, మోసినోళ్ళ మాటేటి?

1830 మే 18న మద్రాసులో ఒకాయన పల్లకీ ఎక్కి కాశీకి బయల్దేరేరు. పేరు ఏనుగుల వీరాస్వామయ్య. అక్కడి సుప్రీంకోర్టులో దుబాసీ, అంటే మన మాటల్ని దొరలకి ఇంగ్లీషులో చెప్పే ఉద్యోగం. వెంట నూరు మంది దాకా జనం. రైలు లేని కాలం. వెళ్ళినప్పుడు తిరుపతి, హైదరాబాదు, నాగపూరు దారి. వచ్చినప్పుడు కలకత్తా, పూరీ, గంజాం చూసుకుని మన శ్రీకాకుళం మీదుగా దిగేరు. 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరేరు.

కాశీకెళ్ళొచ్చినోళ్ళు అప్పట్లో బోల్డుమంది. మరి ఈయన పేరే ఎందుకు మిగిలిందీ? దారిపొడుగునా రాసేరు కాబట్టి. ఎంత దూరం నడిచేరు, ఏ ఏరు దాటేరు, దిగిన ఊళ్ళో సరుకులు దొరికేయా లేదా, అన్నీ రాసి స్నేహితుడు శ్రీనివాసపిళ్ళెకి పంపేవారు. ఆయన పోయేక 1838లో అది 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చయింది. తెలుగులో నవలే పుట్టని రోజులవి. చరిత్ర రాసేవాళ్ళు ఇప్పటికీ ఆ పుస్తకం తిరగేస్తారు.

అయితే ఒక మాట. అదంతా పల్లకీలోంచి చూసిన లోకం. అదే దారిని కాళ్ళతో కొలిచిన బోయీలు చెప్పుకున్న పుస్తకం ఒక్కటీ లేదు. శ్రీశ్రీ ఏనాడో అడిగిన ప్రశ్నే ఇది. వాళ్ళకి అక్షరం నేర్పినోళ్ళు లేరు మరి.

ఇప్పుడు చూడండి. మన తీరం కుర్రోళ్ళు గుజరాత్ వెరావల్ వెళ్ళి బోట్లెక్కుతున్నారు. 2018లో కొందరు పాకిస్తాన్‌కి చిక్కి కరాచీ జైల్లో పడ్డారు. 2020 జనవరిలో 20 మంది వాఘా దగ్గర మన గడ్డ మీద కాలుపెట్టేరు. 2025లో ఆ కథ 'తండేల్' సినిమా అయింది. మంచిదే. కానీ సినిమా వాళ్ళు చెప్పింది వేరు, జైల్లో ఉన్నోడు తన నోటితో చెప్పింది వేరు కాదేటి?

తమ్ముడూ, చెల్లీ, వలసెళ్ళినప్పుడు ఫోన్లో రోజుకి నాలుగు లైన్లు రాసుకోండి. ఏం తిన్నారు, మేస్త్రీ కూలిలో ఎంత కోసేడు, పక్క గదోళ్ళది ఏ ఊరు, అమ్మకి ఏ అబద్ధం చెప్పేరు. గ్రాంథికం అక్కర్లేదు, మన యాస చాలు. వీరాస్వామయ్యగారూ వాడుక మాటల్లోనే రాసేరు.

మన ఊళ్ళ నుంచి వెళ్ళినంత మంది ఎక్కడికీ వెళ్ళరంటాం గదా. ఆ వెళ్ళినోళ్ళ సంగతి రేపు ఇంకొకరు రాస్తే, వాళ్ళకి కనిపించిందే మిగుల్తాది.